మొదటి ముద్దకు ముందు

వ్యక్తిత్వమనునది ఏకాంతమున కూర్చుండి అలవరచుకొనదగిన గుణసముదాయము మాత్రమే యని తలచువారు కలరు. వేకువనే లేచుట, మితముగా మాటలాడుట, కాలమును వృథాపుచ్చకుండుట మొదలైనవి మనిషికి మేలు చేయునవే, సందేహము లేదు. అయినను, తన బిడ్డ బడిలో తినుచున్న అన్నమును ఎవరు వండుచున్నారు, దానిని ఎవరు పరీక్షించుచున్నారు, తేడా వచ్చినచో ఎవరిని అడుగవలయును అను మూడు ప్రశ్నలకు సమాధానమెరుగని తల్లిదండ్రుల స్వీయసంస్కారము ఎంత గొప్పదైనను అసంపూర్ణమే యని నా దృఢాభిప్రాయము. పౌరధర్మము కూడ ఒక అభ్యాసమే. దానిని నేర్చుకొనుటకు బడి వంటగదికి మించిన పాఠశాల లేదు.

ఈ విషయమును ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ పట్టణమును ఆధారముగా గైకొని వివరింపదలచితిని. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ స్థాపితమై, 1912లో తొలి ఉక్కు తయారైన కాలము నుండి, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమల నుండి మనవారు కూలికిని కొలువునకును ఆ ఊరికి తరలిపోయి, బిష్టుపూర్‌లో రామమందిరమును, కదమాలో ఆంధ్ర సంఘమును నెలకొల్పుకొని, తరములుగా అచ్చటనే స్థిరపడియున్నారు. చేతిలో నాలుగు డబ్బులున్నవారి పిల్లలు ప్రైవేటు విద్యాలయములకు పోవుచుండగా, బస్తీలలోని పేద కుటుంబముల పిల్లలు ప్రభుత్వ పాఠశాలలలో చదువుచు, మధ్యాహ్నము అచ్చటి భోజనమే చేయుచున్నారు. ఇంట తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయములలో అంతకంటె బరువైన హిందీ వినబడు ఆ ఊరిలో, ఒక తెలుగు తల్లి బడి గడప దాటి ప్రశ్న అడుగుటకు జంకుట సహజము. ఆ జంకును పోగొట్టుటయే ఈ అధ్యాయపు ప్రయోజనము.

అది దానము కాదు, హక్కు

మొట్టమొదట మనసున నాటుకొనవలసిన విషయమిది. బడిలో పెట్టు అన్నము ఎవరి దయాధర్మమును కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడుగా నున్న, తెలుగు మాటలాడు కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టి, థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ పాఠశాలలో విద్యార్థికి దినమునకు ఒక అణా మించని వ్యయముతో ఆహారము పెట్టించిన నాడు, అది ఒక స్థానిక సంస్థ తన పిల్లలపట్ల చూపిన ఔదార్యముగానే యుండెను. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము బడి భోజన పథకము నారంభించినది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోను ఏటికి కనీసము 200 దినములు వండిన భోజనమునే పెట్టవలయునని ఆజ్ఞాపించినది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టముతో ఆ ఔదార్యము శాసనబద్ధమైన హక్కుగా మారినది. 2021లో పథకమునకు పీఎం పోషణ్ అని క్రొత్త పేరు పెట్టిరి. పేరు మారినను హక్కు మారలేదు.

ఆ హక్కునకు కొలతలు కూడ కలవు. ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము లేక గోధుమ, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు 150 గ్రాముల ధాన్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె. చిన్నవారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు; పెద్దవారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందవలయును. ఈ అంకెలను ఒక కాగితముపై వ్రాసికొని ఇంట గోడకు అంటించుకొనుడు. తనకు రావలసినదెంతయో తెలిసినవాడు అడుగునపుడు గొంతు వణకదు.

ఎవరిపై ఎవరు

జంషెడ్‌పూర్ ఒక విలక్షణమైన పట్టణము. అంత పెద్ద ఊరైనను, దశాబ్దముల తరబడి దానికి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. ఒకవైపు నోటిఫైడ్ ఏరియా కమిటీ, మరియొకవైపు నీళ్లు, పారిశుద్ధ్యము చూచు టాటా వారి సంస్థ, ప్రక్కనే జుగ్సలాయి పురపాలనము, నది కావల మాంగో. ఈ కారణమున సామాన్యుడు మొర పెట్టుకొనుటకు ఏ గుమ్మము నెక్కవలయునో తెలియక తికమకపడుచుండును. బడి భోజనము విషయమున మాత్రము ఆ తికమక అక్కరలేదు. ఈ బాధ్యత జిల్లా యంత్రాంగము చేతిలోనే యున్నది.

పాఠశాలలో వంట చేయువారు సాధారణముగా సరస్వతీ వాహినికి చెందిన తల్లులు. ఝార్ఖండ్‌లో ఈ పేరుతో పిల్లల తల్లులే సమితిగా ఏర్పడి వంట నడపుదురు; వారిని నడిపించునామెను సంయోజిక యనియు, వండువారిని రసోయియా యనియు పిలుతురు. వారిపైన ప్రధానోపాధ్యాయుడు, పాఠశాల యాజమాన్య సమితి. ఆ పైన క్లస్టరు రిసోర్స్ పర్సన్, బ్లాకు విద్యా ప్రసార అధికారి. జిల్లా స్థాయిలో డీఎస్‌ఈ యని వాడుకలో పిలుచు జిల్లా విద్యా సూపరింటెండెంటు. అందరికిని పైన డీసీ, అనగా ఉపాయుక్త. రాష్ట్రమంతటికిని రాంచీలో మధ్యాహ్న భోజన ప్రాధికరణము కలదు.

దీనికి సమాంతరముగా మరియొక శాఖ ఉన్నది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము 2011 ఆగస్టు 5 నుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వంటశాలలో ప్రవేశించి, పదార్థములను పరిశీలించి, నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపగలడు. నమూనాను నాలుగు భాగములు చేసి సీలు వేయుట, పద్నాలుగు దినములలో విశ్లేషకుడు నివేదిక ఇచ్చుట విధి. రాంచీ సమీపమున నామ్‌కుమ్‌లో రాష్ట్ర ప్రయోగశాల కలదు. 2015 నాటి మధ్యాహ్న భోజన నియమములు, యాదృచ్ఛికముగా ఎంచుకొన్న పాఠశాలల నుండి గాని కేంద్రీకృత వంటశాలల నుండి గాని నెలకొకసారియైనను నమూనాలు తీయవలయునని చెప్పుచున్నవి.

ఏటికొక దినము, ఏటికి రెండువందల దినములు

ఇంతటి యంత్రాంగముండగా మన పాత్ర ఏమి యని మీరడుగవచ్చును. అధికారుల తనిఖీని గూర్చిన మార్గదర్శకములనే చూడుడు. ప్రతి మూడు నెలలకును పాతిక శాతము పాఠశాలలను తనిఖీ చేయవలయునని అందు కలదు. ఆ నియమమును అక్షరము తప్పక పాటించినను, ఒక్కొక్క పాఠశాలకు అధికారి వచ్చునది ఏటికి ఒక్క పర్యాయము. పిల్లలు భోజనము చేయునది రెండువందల పైచిలుకు దినములు. మిగిలిన దినములలో ఆ కుండ మూత తీసి చూచువారెవరు? జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో పదకొండు బ్లాకులు కలవు. గోల్మురీ నుండి బహరాగోడా వరకు వ్యాపించిన అన్ని వంటగదులను ఏ అధికారియు ప్రతిదినము చూడజాలడు. ఇది అధికారుల నిందకై చెప్పుట లేదు. పర్యవేక్షణ యను గొలుసునకు మొదటి లంకె బడిలోనే యున్నదని చెప్పుటకే ఈ లెక్క.

ఆ మొదటి లంకెను అలక్ష్యము చేసినచో ఏమగునో 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామము మనకు చూపినది. ఆనాటి బడి భోజనము తిని ఇరువదిముగ్గురు పసిబిడ్డలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలసియున్నదని పరీక్షలో తేలినది. 2016లో న్యాయస్థానము ప్రధానోపాధ్యాయురాలిని దోషిగా నిర్ణయించినది. నూనె తేడాగా యున్నదని వంట చేసినామె ముందే చెప్పినను వంట కొనసాగింపుమన్నారని నాటి వార్తలు తెలిపినవి. గుండెలు పిండు ఈ ఉదంతమున మనము గ్రహింపవలసినది ఒక్కటి కలదు. ఆనాడు లోపించినది ప్రయోగశాల కాదు, చట్టము కాదు. పొయ్యి దగ్గర నిలుచున్న ఒక పేదరాలి మాటకు విలువ లేకపోవుటయే ఆ బిడ్డల ప్రాణములు తీసినది. వంట చేయు తల్లి "ఇది బాగులేదమ్మా" అన్నప్పుడు ఆమె మాట నిలబడునట్లు ఆమె వెనుక నిలుచుటయే తల్లిదండ్రుల ప్రథమ కర్తవ్యము.

రుచి చూచు విధము

పిల్లలకు వడ్డించుటకు ముందు ఉపాధ్యాయులలో ఒకరినైనను కలుపుకొని పెద్దలు ఆహారమును రుచి చూచి, ఆ విషయమును రిజిస్టరులో నమోదు చేయవలయునని నియమము. తల్లిదండ్రులు కూడ వంతుల వారీగా ఇందు పాల్గొనవచ్చును. ఈ చిన్న కార్యమును శ్రద్ధతో చేయుటెట్లో కొంచెము వివరముగా చెప్పెదను.

వడ్డనకు అరగంట ముందుగా వంటగదికి పొండు. గడపలో చెప్పులు విడిచి, చేతులు సబ్బుతో కడుగుకొనుడు. మీరు కడుగుకొనుటను చూచి ఇతరులు కడుగుకొందురు, చెప్పనక్కరలేదు. మొట్టమొదట కుండవైపు గాక, నూనె డబ్బావైపు చూడుడు. అది కంపెనీ సీలుతో వచ్చినదా, మరియేదైన పాత డబ్బాలోనికి ఒంపినదా? మూత తీసి వాసన చూడుడు. పొట్లాల మీద తయారైన తేదీ, వాడదగిన గడువు చదువుడు. బియ్యమును అరచేతిలో పోసికొని పురుగు, బూజు, చెమ్మ వాసన ఉన్నవేమో చూడుడు. కూరగాయలను తరిగిన పిదప కడుగుచున్నారా, కడిగిన పిదప తరుగుచున్నారా యని గమనించుడు. కడిగి తరుగుటయే సరియైన పద్ధతి. త్రాగునీటి పాత్రకు మూత ఉన్నదా, నీళ్లు ముంచుటకు పిడిగల గరిటె ఉన్నదా? ఫినాయిలు, పురుగుమందు, కిరోసిను వంటివి వంటసామాను ఉన్న గదిలో నుంచరాదు. కనబడినచో అప్పటికప్పుడు అచ్చటి నుండి తీయించుడు.

పిమ్మట అన్నమును, పప్పును, కూరను వేరువేరుగా ఒక్కొక్క ముద్ద తినుడు. పైపైన గాక, గిన్నె అడుగు నుండి కూడ తీయించుకొనుడు. పులుపు, చేదు, కిరోసిను వాసన, నాలుకపై మంట, ఇవి ఏవి తోచినను వడ్డన నిలుపుమని చెప్పుటకు సంకోచింపకుడు. ఒక పూట బిస్కట్టుతోనో అరటిపండుతోనో గడచిపోవును. అంతయు బాగున్నచో రిజిస్టరులో తేదీ, వేళ, వంటకము పేరు, మీ అభిప్రాయము వ్రాసి సంతకము చేయుడు. తినకుండ సంతకము చేయుట కంటె పెద్ద అపరాధము ఈ విషయమున లేదు. రేపు ఏదైన జరిగినచో ఆ సంతకమే అబద్ధపు సాక్ష్యమై నిలుచును. ఆ దినపు వంటకములలో కొంచెము శుభ్రమైన మూతగల డబ్బాలో మరునాటి వరకు విడిగా దాచియుంచు అలవాటును మీ బడిలో ప్రవేశపెట్టుడు. పిల్లలకు అస్వస్థత కలిగినచో కారణమును కనుగొనుటకు అదియే ఆధారము.

దూరము నుండి వచ్చు భోజనము

పట్టణ ప్రాంతములలో బడికొక వంటగది కట్టుటకు చోటు చాలదు గనుక, కేంద్రీకృత వంటశాలలకు ప్రభుత్వము అనుమతించినది. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ సాయముతో, ఇస్కాన్‌కు అనుబంధమైన అన్నామృత సంస్థ అట్టి వంటశాలను నడపినది. వేలమందికి ఒకే చోట యంత్రముల మీద వండుటలో శుభ్రత సాధించుట సులభము. కాని ఒక్క పొరపాటు జరిగినచో అది ఒక బడితో ఆగదు. అందువలన ఇచ్చట గమనింపవలసినవి వేరు.

వండిన ఆహారమునకు శత్రువు కాలము. వేడిగా పెట్టదగిన పదార్థము 60 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు చల్లారిన పిదప అందు సూక్ష్మజీవులు త్వరత్వరగా వృద్ధియగును. వండిన అన్నము గోరువెచ్చగా గంటల తరబడి నిలువయున్నచో విషమించుట ఇందువలననే. కావున బండి వచ్చిన వేళను ప్రతిదినము వ్రాయించుడు. డబ్బాల సీలు చెక్కుచెదరకుండ నున్నదా? మూత తీయగానే ఆవిరి వచ్చుచున్నదా? బండి లోపల వేరే సరకులు ఉన్నవా? సరఫరా చేయు సంస్థ లైసెన్సు సంఖ్యను, అది పద్నాలుగు అంకెలు గలది, పాఠశాల గోడపై వ్రాయింపుమని యాజమాన్య సమితిలో కోరుడు. మూడు నెలలకొకసారియైనను తల్లులు నలుగురు కలసి ఆ వంటశాలను చూచి వచ్చుటకు డీఎస్‌ఈ కార్యాలయము ద్వారా అనుమతి పొందుడు. చక్కగా పనిచేయు సంస్థ చూడవచ్చినవారిని సంతోషముతోనే ఆహ్వానించును.

మాట నుండి కాగితమునకు

విద్యాహక్కు చట్టము ప్రకారము యాజమాన్య సమితిలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే, సగము మంది స్త్రీలే. అందు మీకు చోటున్నచో సమావేశమునకు తప్పక పొండు. లేకున్నచో మీ మాటను సభ్యుల ద్వారా మినిట్సులో ఎక్కింపుడు. అచ్చట పని కానిచో బ్లాకు అధికారికి, ఆ పిమ్మట డీఎస్‌ఈకి అర్జీ పెట్టుడు. అర్జీని హిందీలో వ్రాయించుటకు మీ పెద్దపిల్లల సాయము తీసికొనుడు. భావము మాత్రము మీదై యుండవలయును. మచ్చునకు ఇట్లు వ్రాయవచ్చును:

"అయ్యా, మా పిల్లలు చదువుచున్న పాఠశాలలో ఫలానా తేదీన వడ్డించిన పప్పునకు పులిసిన వాసన ఉండెను. ఆ దినమున రుచి చూచినట్లు రిజిస్టరులో ఎవరి సంతకమును లేదు. వంటగదిని పరిశీలించి, తీసికొన్న చర్యను మాకు వ్రాతపూర్వకముగా తెలుపగోరుచున్నాము."

జరిగినది మొదటి వాక్యమున, ఆధారము రెండవ వాక్యమున, కోరిక మూడవ వాక్యమున. ఎవరినీ దూషింపవలసిన పని లేదు. ఒక ప్రతి మీవద్ద నుంచుకొని, దానిపై కార్యాలయపు ముద్ర వేయించుకొనుడు. సమాధానము రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగుడు. ముప్పది దినములలో చెప్పవలసియున్నది. ఆహారపు నాణ్యతను గూర్చి ఆహార భద్రత, ప్రమాణముల ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) వారి ఉచిత ఫోను సంఖ్య 1800112100కు కూడ తెలుపవచ్చును. బడిలో భోజనము పెట్టని దినములకు బిడ్డకు ఆహార భద్రతా భత్యము రావలయును. వరుసగా మూడు బడి దినములు గాని, నెలలో ఐదు దినములు గాని భోజనము లేనిచో, బాధ్యులను నిర్ణయించి చర్య తీసికొనుట రాష్ట్ర ప్రభుత్వపు విధి.

పిల్లలకు వాంతులు, కడుపునొప్పి కలిగిన దినమున మాత్రము అర్జీలు తరువాత. ముందు వడ్డన నిలుపుడు. 108కి ఫోను చేయుడు. అందరు పిల్లల పేర్లు వ్రాసికొనుడు. మిగిలిన ఆహారమును పారబోయనీయక మూతపెట్టి అధికారులు వచ్చువరకు కాపాడుడు.

కన్ను తీక్షణము, మాట మృదువు

ఇక చివరిదియు, నా దృష్టిలో ముఖ్యమైనదియు ఒకటి కలదు. పర్యవేక్షించువాని స్వభావమే పర్యవేక్షణ ఫలితమును నిర్ణయించును. వంటగదిలోనికి అధికారము చెలాయించుటకై పోవువాని ముందు రసోయియా తప్పును దాచును. తోడుగా పోవువాని ముందు తన ఇబ్బందిని చెప్పుకొనును. ఆమె అల్పమైన గౌరవవేతనముతో, పొగలోను ఉక్కలోను, వందలమంది బిడ్డలకు వండుచున్నది. ఇరువదియైదు మంది వరకు ఒకరు, వందమంది వరకు ఇద్దరు, ఆ పైన ప్రతి వందకును మరియొకరు చొప్పున వంటవారుండవలయునని నియమము. మీ బడిలో ఆ సంఖ్య ఉన్నదా? ఆమెకు సబ్బు, తువ్వాలు, చాలినంత నీళ్లు, గ్యాసు ఉన్నవా? వైద్యపరీక్ష జరిగినదా? జీతము సకాలమున అందుచున్నదా? ఈ ప్రశ్నలను కూడ అర్జీలో చేర్చినచో, శుభ్రతను గూర్చి మీరడుగు ప్రశ్నలను ఆమె తన పక్షముననే అడుగుచున్నట్లు భావించును. వండువారి కులము నడుగుట, వారు వండినది తినకుమని బిడ్డకు చెప్పుట పర్యవేక్షణ కాదు, పాపము.

పాఠకులారా, చట్టములు కావలసినన్ని ఉన్నవి, అధికారులును ఉన్నారు. వారిని కదిలించునది మొదటి మెట్టుపై నిలుచున్న తల్లి చేతి వ్రాత. ఈ వారములో ఒక మధ్యాహ్నము తీరిక చేసికొని మీ బిడ్డ బడికి పొండు. రిజిస్టరు అడిగి చూడుడు. ఒక ముద్ద తినుడు. చూచినది చూచినట్లు వ్రాసి సంతకము చేయుడు. వచ్చే వారము మీ ఇరుగుపొరుగున మరియొక తల్లిని తోడు తీసికొని పొండు.